రబ్బరు తిత్తి

పడవ అనగానే మనకు తోచేవి చెక్కా, తెడ్డూ, తెరచాపా. కాస్త ఈ కాలపు వాళ్ళమైతే ఇంజనూ, దాని రొదా. రబ్బరు మాత్రం ఎవరికీ తోచదు. కానీ నీటి మీద తిరిగే ఒక జాతి పడవలకు ప్రాణం ఎక్కడుందయ్యా అంటే, ఏడు సముద్రాల అవతల మర్రిచెట్టు తొర్రలో ఉన్న చిలకలో కాదు, ఆ పడవ వెనక గోడకున్న కన్నానికి తొడిగిన జానెడు రబ్బరు గొట్టంలో ఉంది. మడతలు మడతలుగా, హార్మోనియం వెనక భాగంలా ఉంటుంది. ఎప్పుడూ నీళ్ళలోనే ఉంటుంది కనక ఎవరి కంటా పడదు. కంటపడని వస్తువును పట్టించుకునే అలవాటు మనిషికి తక్కువ గదా!

దాన్ని అమెరికావాళ్ళు బెల్లోస్ అంటారు. మొదటిసారి ఆ మాట విని, దీనికి తెలుగేమిటా అని ఆలోచించాను. కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకునే దానికి ఈ జబ్బు తప్పదు. వెతకనక్కర లేకుండానే దొరికింది: తిత్తి. కమ్మరి కొలిమి దగ్గర గాలి ఊదే తిత్తి. తత్వాలు పాడేవాళ్ళు ఈ దేహాన్ని కూడా తోలుతిత్తి అన్నారు. ఎప్పుడు చిల్లుపడుతుందో తెలియదన్నది వాళ్ళ భావం కాబోలు. రబ్బరు తిత్తికీ ఆ మాట బాగానే సరిపోతుంది.

ఇంతకీ తెలుగు లెక్చరరుకు పడవ తిత్తితో పనేమిటంటారా? మా తమ్ముడి మూలాన. వాడు జార్జియా రాష్ట్రంలో, అట్లాంటాకు ఉత్తరాన కాపురముంటున్నాడు. ఆ చుట్టుపక్కల మనవాళ్ళు ఎంతమంది ఉన్నారంటే, సంతలో గోంగూర బేరమాడవచ్చు. ఇంటికి అరగంట దూరంలో లేనియర్ సరస్సు. సరస్సంటే దేవుడు తవ్వింది కాదు. చాటహూచీ నదికి అడ్డంగా 1950లో మొదలుపెట్టి 1956కల్లా బ్యూఫర్డ్ ఆనకట్ట కట్టి, నిలిపిన నీళ్ళు. అది నిండుగా ఉన్నప్పుడు నీటిమట్టం సముద్రానికి 1,071 అడుగుల ఎత్తున ఉంటుంది. పేరు ఎవరిదో తెలిశాక నాకు ఆ నీళ్ళ మీద గౌరవం ఒక మెట్టు పెరిగింది. సిడ్నీ లేనియర్ అని, 1842లో ఆ రాష్ట్రంలోనే పుట్టిన కవి. అంతర్యుద్ధంలో దక్షిణాది సైన్యంలో చేరి, ఖైదుపాలై, అక్కడ క్షయ అంటించుకుని, ఆ ఊపిరితిత్తులతోనే వేణువు వాయించి పొట్టపోసుకుని 39 ఏళ్ళకే పోయాడు. చాటహూచీ నది మీద పద్యం రాశాడు. నది మీద పద్యం రాసినవాడి పేరు ఆ నదికి కట్టిన ఆనకట్ట వెనక నీళ్ళకు పెట్టారు. మన దేశంలో ఎన్ని జలాశయాలకు కవుల పేర్లున్నాయో మీరే లెక్క చూసుకోండి.

2021లో మా తమ్ముడు ఒక పాత పడవ కొన్నాడు. 2012 నాటిది. ముందు భాగంలో నలుగురు, వెనక నలుగురు కూర్చోవచ్చు. ఈ వార్త విన్నప్పుడు రాజమండ్రిలో మా నాన్న అన్నమాట మా ఇంట్లో సామెత అయిపోయింది.

“నేను జీతం తీసుకుని పడవెక్కాను. వీడు ఎదురు డబ్బిచ్చి ఎక్కుతున్నాడు.”

నాన్న ముప్పయ్యేళ్ళు గోదావరి లాంచీల మీద మెకానిక్కుగా పనిచేశాడు. పాపికొండల దాకా, పేరంటపల్లి దాకా వెళ్ళే లాంచీల ఇంజన్లు ఆయన చేతిమీదుగా నడిచాయి. ఎంత సబ్బు వేసి రుద్దినా ఆయన గోళ్ళలో నలుపు పోయేది కాదు. ఆ నలుపు తన గోళ్ళలోకి రాకూడదని మా తమ్ముడు చిన్నప్పుడే ఒట్టు పెట్టుకున్నాడు. పెట్టుకున్నట్టే చదివాడు, వెళ్ళాడు, సంపాదించాడు. సంపాదించిన డబ్బుతో మళ్ళీ పడవే కొన్నాడు! మనిషి మనసు ఇంతే కాబోలు.

2024 వేసవి సెలవులకు నేనూ మావారూ అక్కడికి వెళ్ళాం. మే నెల మధ్య రోజులు. ఆ నెల ఆఖరి సోమవారం వాళ్ళకు యుద్ధాల్లో పోయినవారిని తలుచుకునే సెలవు దినం. దానికి ముందు వచ్చే శనాదివారాలతో అక్కడ పడవల కాలం మొదలవుతుంది. మా తమ్ముడూ మరదలూ, వాళ్ళ ఇద్దరు పిల్లలూ, మేమిద్దరం, స్నేహితుల పిల్లలు మరో ఇద్దరూ, అందరం కలిసి సరస్సు మధ్యలో ఉన్న ఒక లంకకు పులిహోర కట్టుకుని వెళ్ళాలని ఏర్పాటు. దానికి ముందు పడవను నీళ్ళలోంచి ఎత్తి, కడిగి, ఒకసారి చూపించాలి. చూసే మెకానిక్కు డెబ్బయ్యేళ్ళ తెల్లాయన. నడుం కాస్త వంగింది. చేతివేళ్ళు మాత్రం అచ్చం మా నాన్న వేళ్ళే. ఏ దేశమైతేనేం, గ్రీజు రంగు ఒకటే!

ఇక్కడ ఆ పడవ కట్టుబడి కాస్త చెప్పాలి. చెప్పకపోతే మిగతా కథ అర్థం కాదు.

మన లాంచీల్లో ఇంజను పడవ నడిమిలో ఉంటుంది. దానినుంచి ఇనపరాడ్డు ఒకటి తిన్నగా వెనక్కి వెళ్ళి, పడవ అడుగున కన్నంలోంచి బయటికి వచ్చి, చివర రెక్కల చక్రాన్ని తిప్పుతుంది. మా తమ్ముడి పడవలో ఇంజను వెనక గోడకు ఆనుకుని లోపల ఉంటుంది. గోడకు బయట, ఏనుగు తొండంలా కిందికి వేలాడే ఇనపకాలు ఒకటి ఉంటుంది. రెక్కల చక్రం ఆ కాలికి ఉంటుంది. ఈ తరహా ఏర్పాటును 1959లో న్యూయార్కు పడవల ప్రదర్శనలో వోల్వో పెంటా వారు ఆక్వామాటిక్ అనే పేరుతో బజారుకు తెచ్చారు. జిమ్ విన్ అనే అమెరికా ఇంజనీరు దాని వెనక ఉన్నాడు. దీంట్లో సుఖమేమిటంటే చుక్కాని అక్కర్లేదు. కాలే కుడికీ ఎడమకూ తిరిగి పడవను మళ్ళిస్తుంది. లోతులేని చోట కాలిని పైకి లేపుకోవచ్చు కూడా.

సుఖం ఉన్నచోటే చిక్కూ ఉంటుంది. ఇంజను కదలదు, కాలు కదులుతుంది. రెండింటినీ కలిపే ఇరుసు గోడకున్న పెద్ద కన్నంలోంచి పోతుంది. ఆ కన్నం నీటిమట్టానికి కింద ఉంది. ఇరుసు ఎటు వంగితే అటు వంగేందుకు దానికి సర్వతోముఖమైన కీళ్ళు పెట్టారు. యూ జాయింట్లంటారు. నేను ముప్పయి మంది పిల్లలకు ఏటా సవర్ణదీర్ఘ సంధీ గుణసంధీ చెబుతాను గాని, నా సంధుల్లో ఎన్నడూ నీళ్ళు కారలేదు. ఇక్కడి సంధిలో నీళ్ళు కారితే పడవ మునుగుతుంది. అందుకని ఆ కీళ్ళ చుట్టూ, అటు గోడకూ ఇటు కాలికీ బిగించి, రబ్బరు తిత్తి తొడిగారు. కాలు తిరిగితే మడతలు ఒకవైపు ముడుచుకుంటాయి, రెండోవైపు విచ్చుకుంటాయి. బయట సరస్సు, లోపల ఇరుసు, మధ్యన ఆ రబ్బరు పొర. అంతే.

తిత్తి ఒకటి కాదు, మూడు. పెద్దది ఇరుసుకు. దాని కింద ఇంజను పొగ పోయేందుకు రెండోది. గేరు మార్చే తీగకు బొటనవేలంత సన్నది మూడోది. పొగతిత్తి చిరిగితే చప్పుడు పెరుగుతుంది గాని పడవ మునగదు, ఆ దారిలో ఎలాగూ నీళ్ళుంటాయి. ఇరుసు తిత్తి చిరిగితే మునుగుతుంది. సన్నది చిరిగినా మునుగుతుంది, కాకపోతే కాస్త ఆలస్యంగా. చిన్నది గదా అని దాన్ని మరిచిపోయినవాళ్ళు చాలామంది ఉన్నారని ఆ మెకానిక్కు చెప్పాడు.

ఆయన పడవను బండిమీదికి ఎక్కించి, కాలిని పూర్తిగా ఒక పక్కకు తిప్పి, దీపం పట్టుకుని కింద కూర్చున్నాడు. పైపైన చూస్తే తిత్తి నల్లగా నిగనిగలాడుతూనే ఉంది. ఆయన దాన్ని చూడలేదు. రెండు బొటనవేళ్ళు మడతలోకి దూర్చి విప్పాడు, దోసకాయ కొనేటప్పుడు తొడిమ దగ్గర నొక్కినట్టు. మడత లోయలో సన్నగా, వెంట్రుకలు పరిచినట్టు పగుళ్ళు. పక్క మడతలోనూ అంతే.

“ఇవి ఎప్పటివి?” అని అడిగాడు. మా తమ్ముడికి తెలియదు. తను కొన్నాక మార్చలేదు. అంతకు ముందు మార్చినట్టు కాగితం లేదు. పన్నెండేళ్ళదై ఉండవచ్చు.

రబ్బరు ఎలా ముసలిదవుతుందో ఆయన చెప్పిన తీరు నాకు బాగా నచ్చింది. ఇనుము అరుగుతుంది, కర్ర చివుకుతుంది. అవి కనబడతాయి. రబ్బరు అలా కాదు. గాలిలో ఓజోను అనే వాయువు ఏ కాస్తో ఉంటుంది. సాగదీసి ఉంచిన రబ్బరును అది కొరుకుతుంది. సాగినవైపే, సాగినదానికి అడ్డంగానే పగులు తెస్తుంది. అందుకే మడత శిఖరం బాగుండి లోయ చెడుతుంది. దానికి ఎండా, ఇంజను వేడీ తోడవుతాయి. అన్నిటికంటె చిత్రమేమిటంటే, వాడకపోవడం కూడా దానికి జబ్బే. ఒకే భంగిమలో నెలల తరబడి ఉంచితే ఆ భంగిమనే పట్టుకుంటుంది. చలికాలంలో కాలిని పైకెత్తి పడవను మూలపడేస్తే, పై మడతలు నలిగి, కింది మడతలు సాగి, అలాగే బిగుసుకుపోతాయి. వసంతంలో కాలు కిందికి దించగానే చిట్లుతాయి. అందుకని ఎన్నాళ్ళు కదపకుండా ఉంచినా కాలు కిందికి దించే ఉంచాలిట. ఈ ఒక్క సంగతి పాటిస్తే తిత్తికి రెండేళ్ళ ఆయుర్దాయం పెరుగుతుందని ఆయన నమ్మకం.

ఇదంతా విని నేను మరదలితో అన్నాను: “ఇది మన కుక్కరు గాస్కెట్టు కథే గదే!”

“అవును వదినగారూ, అదీ ఇంతే. చూపులకు బాగానే ఉంటుంది, ఆవిరి నిలవదు” అంది మరదలు. తరువాత నవ్వి, “దాన్నైతే ఫ్రిజ్జులో పెట్టి ఇంకో నెల లాగిస్తాం. దీన్ని ఎక్కడ పెడతాం?” అంది.

చదివే ఇల్లాళ్ళకు వేరే చెప్పనక్కర లేదు. మూత బిగిసినా ఈల రాని కుక్కరును చూసినవాళ్ళకు పడవ తిత్తి అర్థమైనట్టే. తేడా అల్లా, కుక్కరులో చెడితే పప్పు ఉడకదు.

మార్చడానికి మెకానిక్కు చెప్పిన ధర వెయ్యి డాలర్లు దాటింది. రబ్బరు ముక్కల వెల అందులో కొద్దిపాటే. కాలు ఊడదీసి, మళ్ళీ బిగించే కూలి ఎక్కువ. మా తమ్ముడు మొహం అదోలా పెట్టాడు. ఇంటికి వచ్చేటప్పుడు కారులో, “ఇంకా కారడం లేదు గదక్కా. ఈ సీజను లాగించి చలికాలంలో చేయిస్తాను” అన్నాడు. వాడి లెక్కలో తప్పులేదు. కారని దానికి వెయ్యి డాలర్లు పోయడం మధ్యతరగతి మనిషికి ఏ దేశంలోనైనా కష్టమే.

ఆ రాత్రి నాన్నతో వీడియోలో మాట్లాడాం. రాజమండ్రిలో అప్పుడే తెల్లవారి, ఆయన అరుగుమీద కాఫీ గ్లాసుతో కూర్చున్నాడు. తమ్ముడు తిత్తి ఫోటో పంపాడు. ఆయన కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశాడు.

“చుక్క పడుతోందిరా?” అని అడిగాడు.

“ఏ చుక్క నాన్నా?”

“రాడ్డు దగ్గర. నిమిషానికి నాలుగైదు చుక్కలు.”

“ఇందులో చుక్క పడకూడదు నాన్నా. పడితే మునిగినట్టే.”

“పడకపోతే రాడ్డు వేడెక్కి చావదూ?”

ఇక్కడ నాన్న ప్రశ్న అమాయకపుది కాదు. లాంచీ రాడ్డు పడవ అడుగు దాటే చోట గ్లాండు అని ఉంటుంది. అందులో కొవ్వూ గ్రాఫైటూ పట్టించిన నూలుతాడును చుట్టలు చుట్టలుగా కోసి పెడతారు. ప్రతి చుట్ట అతుకూ ఒకేచోట రాకుండా తిప్పి తిప్పి పెట్టాలి. పైన నట్టు బిగిస్తే తాడు నలిగి రాడ్డును పట్టుకుంటుంది. మరీ వదులైతే పడవలోకి ధార కడుతుంది. మరీ బిగిస్తే తాడు మాడి, రాడ్డు మీద గాడి పడుతుంది. ఇంజను తిరిగేటప్పుడు నిమిషానికి నాలుగైదు చుక్కలు పడితే సరిగ్గా ఉన్నట్టు. ఆ చుక్కే రాడ్డును చల్లగా ఉంచుతుంది. నాన్న చీకట్లో లాంచీ అడుగున పడుకుని, గడియారం చెవి దగ్గర పెట్టుకుని, చుక్కలు లెక్కపెట్టేవాడని అమ్మ చెబుతుండేది. ఆ పద్ధతిలో మంచి ఏమిటంటే, యంత్రం తన ఆరోగ్యం ఎప్పటికప్పుడు చెబుతుంది. నాలుగు చుక్కలు ఆరైతే ఒక మర బిగించాలి. పదైతే తాడు మార్చాలి.

రబ్బరు తిత్తి ఇలా చెప్పదు. పన్నెండేళ్ళు చుక్క రానివ్వదు. పదమూడో ఏట ఒక రాత్రి మొత్తం రానిస్తుంది.

తమ్ముడు ఇదంతా వివరించాక నాన్న కాఫీ తాగేశాడు. “అయితే అది చుక్కల లెక్క కాదు, ఏళ్ళ లెక్క. ఏళ్ళ లెక్కయితే నువ్వు చూసేదేముంది? మార్చేయ్” అన్నాడు. తమ్ముడు “చూద్దాంలే నాన్నా” అన్నాడు. కొడుకులు ఆ మాట ఎప్పుడంటారో తండ్రులకు తెలుసు. ఆయన ఇక పొడిగించలేదు.

తరువాత నాలుగు రోజులకు, సోమవారం ఉదయం, రేవునుంచి పిలుపు వచ్చింది. మాది కాదు. మా తమ్ముడు పడవ కట్టుకునే తేలే వంతెనకు రెండు స్థానాల అవతల ఉన్న పడవ మునిగింది. అందరం వెళ్ళాం. వెనక భాగం పూర్తిగా నీళ్ళలో ఉంది. ముక్కు మాత్రం వంతెనకు కట్టిన తాడుకు వేలాడుతూ, మెడ పట్టుకు లేపిన పిల్లిలా ఆకాశం కేసి చూస్తోంది. నీళ్ళమీద రంగు రంగుల నూనె తెట్టు. రెండు పిల్లల జాకెట్లు తేలుతున్నాయి. ఆ జాకెట్లు చూసి మరదలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. తొడుక్కున్న పిల్లలెవరూ లేరు, ఖాళీవే. అయినా పట్టుకుంది.

పడవ యజమాని పదవీ విరమణ చేసిన పెద్దమనిషి. గడచిన ఆకురాలు కాలం తరువాత అటు రాలేదట. తాను వాడనిది అరగదు గదా అనుకున్నాడు పాపం. తిత్తి ఎప్పుడో చిట్లింది. కొద్ది కొద్దిగా కారుతూ ఉంటే అడుగున నీళ్ళు తోడే చిన్న పంపు తనంతట తానే తిరిగి తోడుతూ వచ్చింది. అది ఎన్ని రోజులు తిరిగిందో ఎవరూ చూడలేదు. బ్యాటరీ అయిపోయింది. పంపు ఆగింది. సరస్సు ఆగలేదు. అక్కడ పడవలకు బీమా చేసేవాళ్ళు చెప్పేదాన్నిబట్టి, పరుగెత్తుతూ మునిగే పడవలకంటె కట్టుకొయ్యకు కట్టేసి ఉండగా మునిగేవే ఎక్కువట. నాకు ఆశ్చర్యమనిపించలేదు. పరుగెత్తే పడవలో మనిషి ఉంటాడు. మనిషికి కాలు తడుస్తుంది.

తమ్ముడు అక్కడే నిలబడి మెకానిక్కుకు ఫోను చేశాడు.

శుక్రవారంలోగా పని కావాలంటే సాయం ఎవరైనా ఉండాలన్నాడు ఆయన. తమ్ముడు సెలవు పెట్టి వెళ్ళాడు, వెంట నేనూ వెళ్ళాను. పనిచేసే చోట కూర్చుని చూడటం నాకు చిన్నప్పటి అలవాటు. ఆరు నట్లు విప్పి కాలిని వెనక్కి లాగారు. బరువైనది. గొలుసు కప్పీ వేసి దించారు. దానితోపాటు ఇరుసూ, కీళ్ళూ బయటికి వచ్చాయి. ఆయన ముందుగా కీళ్ళను చేత్తో వంచి చూశాడు. రెంటిలో ఒకటి కాస్త పట్టుకుంటోంది. గుడ్డతో తుడిస్తే ఎర్రగా తుప్పు. అంటే తేమ అప్పటికే లోపలికి దారి చేసుకుంది. తరువాత గోడలో ఇరుసును మోసే బేరింగులోకి వేలు పెట్టి తిప్పాడు. అది ఇసుక నములుతున్నట్టు చప్పుడు చేసింది. పడవను గట్టిగా మలుపు తిప్పినప్పుడు వెనకనుంచి గురగురమని చప్పుడు వినబడుతోందా అని అడిగాడు. తమ్ముడు వినబడుతోందనీ, ఇంజను చప్పుడేననుకుంటున్నాననీ చెప్పాడు. తిత్తిలో నీరు చేరినప్పుడు ముందుగా ఏడ్చేది ఆ బేరింగేనట. ఆ ఏడుపు విన్నవాడు రబ్బరును చూడాలి.

పాత తిత్తి కోసి తీశాక, అది పట్టుకుని కూర్చునే గట్టును ఇత్తడి బ్రష్షుతో రుద్దించాడు. ఈ పని మా తమ్ముడికి ఇచ్చాడు. ఒక గంట రుద్దాడు వాడు. పాత జిగురు రవ్వ మిగిలినా కొత్త రబ్బరు సరిగా కూర్చోదు, కూర్చోకపోతే కొత్తదైనా కారుతుంది. వేయవలసిన అంచుకే జిగురు వేసి, వేలికి అంటీ అంటనట్టు ఆరేదాకా ఆగాలి. ఆ పది నిమిషాలు ఆగలేనివాడు ఈ పని చేయకూడదు అన్నాడు ఆయన. తిత్తి అంచులోని గాడి, గోడమీది గట్టుమీద టక్కున కూర్చోవాలి. కూర్చుందో లేదో కళ్ళతో కాదు, వేలితో చుట్టూ తడిమి తెలుసుకోవాలి. ఆపైన తుప్పుపట్టని ఉక్కు పట్టీ బిగింపు. మళ్ళీ విప్పవలసి వచ్చినప్పుడు అందే వైపుకే దాని మర ఉంచాలి. మూడు తిత్తులూ మార్చాడు. కాలు ఎలాగూ ఊడింది కనక, ఒకటి మార్చి రెండు వదలడం పెళ్ళికి పిలిచి భోజనం పెట్టకపోవడం లాంటిదే. బేరింగు కొత్తది. కీళ్ళు కొత్తవి. కాలు తిరిగి ఎక్కించేముందు పొడుగాటి ఇనపకడ్డీ ఒకటి బేరింగులోంచి ఇంజనులోకి దూర్చి, రెండూ ఒకే గీతలో ఉన్నాయా అని చూశాడు. గీత తప్పితే కొత్త కీళ్ళు కూడా నిలవవు.

మరో సంగతి అదే రోజు బయటపడింది. రెక్కల చక్రం తీస్తే దాని వెనక, ఇరుసుకు చుట్టుకుని, చేపల గాలం తీగ. గోళ్ళతో పీకితే రెండు బారలు వచ్చింది. అక్కడ లోపలి నూనె బయటికి, బయటి నీరు లోపలికి పోకుండా చిన్న రబ్బరు పెదవి ఉంటుంది. ఈ తీగ సన్నగా దాన్ని కోస్తుంది. కాలి అడుగున మర విప్పి నూనె కాస్త వదిలి చూశాడు. అది నల్లగా రావాలి. నీళ్ళు కలిస్తే పాలు పోసిన కాఫీలా వస్తుంది. మా అదృష్టం, నల్లగానే వచ్చింది. అయినా ఆ పెదవి కూడా మార్చేశాడు. ఏడాదికొకసారైనా చక్రం విప్పి చూడమని తమ్ముడికి చెప్పాడు. ఆ సరస్సులో చేపలకంటె గాలం తీగలే ఎక్కువట.

శుక్రవారం పడవను నీళ్ళలోకి దించారు. ఇంజను తిప్పగానే పోదాం పదమంటాడనుకున్నాం. కదలలేదు. పడవ అడుగును గుడ్డతో పొడిగా తుడిచి, తిత్తికి సరిగ్గా లోపలి వైపున రెండు కాగితం రుమాళ్ళు పరిచి, పక్కనే బల్లమీద కూర్చుని తన భోజనం డబ్బా విప్పాడు. గంట తరువాత కాగితాలు తీసి బుగ్గకు ఆనించుకున్నాడు. పొడి. అప్పుడు బిల్లు రాశాడు. మొదట చెప్పినదానికి బేరింగూ కీళ్ళూ కలిసి అది మరికాస్త పెరిగింది. తమ్ముడు మారు మాట్లాడలేదు. వాడి పదిగోళ్ళ లోపలా నలుపుంది. ఆ రాత్రి భోజనానికి కూర్చున్నప్పుడు వాడి కూతురు “నాన్నా, చేతులు కడుక్కోలేదు నువ్వు” అని గదమాయించింది. కడుక్కున్నానని వాడు రెండు చేతులూ చాచి చూపించాడు. నేను ఏమీ అనలేదు. మావారు మాత్రం నావైపు చూసి నవ్వారు.

ఆదివారం లంకకు వెళ్ళాం. పులిహోర బాగా కుదిరింది. ఎనిమిదిమందిమి, అందరికీ జాకెట్లు. దారిపొడుగునా పడవ మలుపు తిరిగినప్పుడల్లా మా తమ్ముడు మాట ఆపి వెనక్కి చెవి పెట్టేవాడు.

ఎన్నేళ్ళకు మార్చాలి అంటే ఒక్కొక్క మెకానిక్కు ఒక్కొక్క మాట చెబుతాడు. కొందరు మూడేళ్ళంటారు, కొందరు అయిదంటారు. ఏటా ఒకసారి మాత్రం నీళ్ళలోంచి ఎత్తి, మడతలు వేళ్ళతో విప్పి చూడాలన్నదాంట్లో ఎవరికీ భేదాభిప్రాయం లేదు. ఉప్పునీళ్ళలో తిరిగే పడవైతే ఇంకా తొందరపడాలి. మడతల్లో అంటుకునే గుల్లలు కత్తుల్లా కోస్తాయి. మంచినీళ్ళ సరస్సుల్లోనూ నిశ్చింత లేదు. అక్కడ మస్క్‌రాట్ అని నీటిఎలుక లాంటి జంతువొకటి ఉంది, అది ఈ రబ్బరును కొరుకుతుందిట. మొదట విని ఏడిపిస్తున్నారనుకున్నాను. ఆయన కొరికిన తిత్తి తెచ్చి చూపించాడు. మరదలు ఇంజను మూత లోపలివైపున చెరగని సిరాతో “24 మే 2024, మూడూ కొత్తవి” అని తెలుగులో రాసింది. పడవ ఎప్పుడైనా ఇంకొకరికి అమ్మితే వాళ్ళెలా చదువుతారో మరి.

పాత తిత్తిని పారేయబోతుంటే నేను అడిగి తీసుకున్నాను. ఉల్లిపొరలాంటి కాగితాల్లో చుట్టి పెట్టెలో అడుగున పెట్టాను. హైదరాబాదు విమానాశ్రయంలో తనిఖీ చేసే అబ్బాయి అటు తిప్పి ఇటు తిప్పి, “ఏంటి మేడమ్ ఇది?” అన్నాడు. “తిత్తి” అన్నాను. అతనికి అర్థమైనట్టు లేదు గాని వదిలేశాడు.

రాజమండ్రిలో నాన్న దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి మడత మడతా విప్పి చూశాడు. తరువాత పీటమీద పెట్టి కూరగాయల కత్తితో నిలువునా కోశాడు. లోపలి వైపు నాలుగోచోట పగులు పొర దాటి దాదాపు అవతలికి వచ్చేసింది. బియ్యపుగింజ మందం మిగిలింది. దానిమీద ఆయన బొటనవేలు చాలాసేపు ఆనించి ఉంచాడు. పిల్లలు ఎంతమంది ఎక్కుతారు ఆ పడవలో అని అడిగాడు. చెప్పాను.

మధ్యాహ్నం నేను నిద్రలేచి చూసేసరికి, ఆయన ఆ రబ్బరును నాలుగు చదరపు ముక్కలు చేసి, పెరట్లో నీళ్ళ మోటారు కాళ్ళ కింద అదురు రాకుండా వేసి, నట్లు బిగిస్తున్నాడు.